పలుచని ల్యాప్‌టాప్‌లో పెంచలేని మెమరీ

పలుచని ల్యాప్‌టాప్‌ల ప్రాసెసర్లలో పోటీ ఇప్పుడు వేగంతోపాటు విద్యుత్ పొదుపుపైనా సాగుతోంది. 2020 నవంబరులో ఎం1 చిప్‌తో, ఫ్యాన్ లేని మ్యాక్‌బుక్ ఎయిర్‌ను యాపిల్ తెచ్చాక ఇంటెల్‌కు పాత బాట చాలలేదు. 2024 సెప్టెంబరులో విడుదలైన కోర్ అల్ట్రా 200వి శ్రేణిలో అధిక భాగం చిప్‌ల మూల విద్యుత్ పరిమితి 17 వాట్లే. విశేషమేమంటే, అందులోని ప్రధాన గణన భాగాన్ని తయారుచేసింది తైవాన్‌కు చెందిన టీఎస్‌ఎంసీ.

పొదుపు కోసం మెమరీని ప్రాసెసర్ ప్యాకేజీలోనే అమర్చారు. సంకేతాలు ప్రయాణించే దూరం తగ్గితే వాటికయ్యే విద్యుత్తూ తగ్గుతుంది. అయితే కొన్ననాటి 16 లేదా 32 జీబీయే చివరిదాకా. పాత యంత్రానికి మెమరీ చేర్చి మరికొన్నేళ్లు నెట్టుకొచ్చే మధ్యతరగతి కుటుంబానికి ఇది చిన్న నష్టం కాదు.

ఈ అమరికను తర్వాతి తరాల్లో కొనసాగించబోమని ఇంటెల్ అదే ఏడాది ప్రకటించింది. కారణం వినియోగదారుల ఇబ్బంది కాదు, తగ్గిన లాభాలు. మెమరీ ప్యాకేజీ దాటి బయటికొచ్చినా, పలుచని నమూనాల్లో అత్యధికం దాన్ని మదర్‌బోర్డుకే అతికిస్తున్నాయి.