చెరువు, రాయి, దోమ: ఇంగ్లిష్ పాఠానికి ముడిసరుకు

నీరు ఎలా ఆవిరవుతుంది, గింజ ఎలా మొలకెత్తుతుంది, బండరాయి ఎందుకు పగులుతుంది వంటి సంగతులను ఇంగ్లిష్‌లో చదువుతూ, చెబుతూ, రాస్తూ ఆ భాష వ్యాకరణాన్నీ పదసంపదనూ పట్టుకోవడం ఒక బోధన పద్ధతి. ఇందులో పాఠ్య విషయం సైన్స్‌ది, అభ్యాసం భాషది. తెలుగు నేల మీద ఈ పద్ధతి అవసరం బాగా కనిపించే చోటు హైదరాబాద్‌లోని హైటెక్ సిటీ. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తర్వాత కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల దాకా పాకిన ఐటీ కారిడార్‌కు జిల్లాల నుంచి వచ్చే యువతలో పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివినవారు ఎందరో ఉంటారు. ఓమ్ నియమం, కిరణజన్య సంయోగక్రియ వాళ్లకు తెలుసు. తెలుగులో అడిగితే తడుముకోకుండా వివరిస్తారు. ఇంగ్లిష్‌లో చెప్పమంటే రెండో వాక్యం దగ్గర ఆగిపోతారు.

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల దొరికే స్పోకెన్ ఇంగ్లిష్ శిక్షణ చాలావరకు స్వపరిచయంతో మొదలై ఇంటర్వ్యూ జవాబులతో ముగుస్తుంది. కంఠతా పట్టిన జవాబు మొదటి ప్రశ్న వరకే నిలబడుతుంది. పైగా ఉద్యోగంలో చేరాక రాయవలసింది స్వపరిచయం కాదు. ఏ పరిస్థితిలో ప్రోగ్రామ్ ఆగిపోయింది, ఏ మెట్లు అనుసరిస్తే ఆ లోపం మళ్లీ కనిపిస్తుంది, దానికి మూలకారణం ఏమిటి, ఏది మార్చారు, మార్చాక ఏమైంది అన్నవే రాయాలి. బగ్ రిపోర్ట్ అయినా, రూట్ కాజ్ అనాలిసిస్ అయినా, రిలీజ్ నోట్స్ అయినా వాటి నడక ఇంటర్మీడియట్ విద్యార్థి రాసే ప్రాక్టికల్ రికార్డు నడకే: ఉద్దేశం, పరికరాలు, చేసిన పని, పరిశీలన, ఫలితం. రికార్డు పుస్తకాన్ని మార్కుల కోసం సీనియర్ల దగ్గర చూసి దించుకునే అలవాటు వల్ల, ఉద్యోగానికి సూటిగా పనికొచ్చే ఇంగ్లిష్ అభ్యాసం చేతికందినట్టే అంది జారిపోతోంది.

సైన్స్ విషయాలతో ఇంగ్లిష్ నేర్పాలన్న ఆలోచనకు నూరేళ్ల చరిత్ర ఉంది. ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ బెంగాలీ విద్యార్థుల స్థితిని పరిశీలించి 1926లో ద్విభాషా విద్య మీద పుస్తకం ప్రచురించాడు. ఆ పిల్లలకు ఇంగ్లిష్ ముఖ్యంగా చదవడానికి కావాలని, అందులోనూ తమ భాషలో అప్పటికింకా దొరకని శాస్త్ర, సాంకేతిక విషయాలు తెలుసుకోవడానికి కావాలని ఆయన వాదించాడు. 1970లలో భాషాబోధన నిపుణుడు హెన్రీ విడోసన్ మరో అడుగు ముందుకు వేసి, విద్యార్థి మిగతా సబ్జెక్టుల్లో నేర్చుకునే విషయాలే ఇంగ్లిష్ తరగతికి తగిన సామగ్రి అన్నాడు. హైదరాబాద్‌లో ఇంగ్లిష్ బోధనకు ప్రత్యేక సంస్థ 1958లోనే ఏర్పడింది. అప్పటి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ ఇప్పటి ఇఫ్లూ. అంతకు చాలా ముందు, 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం విజ్ఞానశాస్త్రాలను ఉర్దూలో బోధిస్తూ ఇంగ్లిష్‌ను తప్పనిసరి భాషగా ఉంచింది. తెలుగు పిల్లలకు ఉర్దూ ఇంటి భాష కాదు కాబట్టి ఆ ఏర్పాటు వాళ్లకు పూర్తి న్యాయం చేయలేదు. అయినా విషయం ఒక దేశభాషలో, దాని పక్కనే ఇంగ్లిష్ అన్న అమరిక ఈ నగరానికి అలా పరిచయమైంది.

వ్యాకరణంలో తెలుగువారికి మొదటి చిక్కు క్రియాకాలాలతో వస్తుంది. ‘చెట్టు ఆక్సిజన్ విడుదల చేస్తుంది’ అన్న తెలుగు వాక్యంలో క్రియ నిత్యసత్యాన్నీ చెబుతుంది, రేపు జరగబోయేదాన్నీ చెబుతుంది. ఇంగ్లిష్ ఈ రెంటినీ ‘రిలీజెస్’, ‘విల్ రిలీజ్’ అని విడదీస్తుంది. ‘భూమి తిరుగుతుంది’ అన్నా ‘భూమి తిరుగుతోంది’ అన్నా తెలుగు చెవికి ఇబ్బంది లేదు. ఆ అలవాటుతోనే ఇంగ్లిష్‌లో అవసరం లేని చోట కూడా ‘ఇంగ్’ రూపం వచ్చి చేరుతుంది. సొంత జీవితం గురించిన వాక్యాల్లో ఈ తేడా తేల్చుకోవడం కష్టం. ప్రకృతి విషయాల్లో సులువు, ఎందుకంటే అక్కడ ఏది ఎప్పటికీ నిజమో, ఏది ఈ క్షణాన జరుగుతోందో విద్యార్థికి ముందే తెలుసు. నీరు సముద్రమట్టం దగ్గర 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. ఇది సామాన్య వర్తమానం. ఈ గిన్నెలో నీరు ఇప్పుడు మరుగుతోంది. ఇది వేరు. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న హైదరాబాద్‌లో మరిగే ఉష్ణోగ్రత దాదాపు 98 డిగ్రీలే. ఈ చిన్న సవరణ చేరగానే ‘సముద్రమట్టం దగ్గర’, ‘ఎత్తు పెరిగేకొద్దీ’, ‘ఒత్తిడి తగ్గితే’ అనే పరిమితులు ఇంగ్లిష్ వాక్యంలో ఎక్కడ కూర్చుంటాయో నేర్చుకోవలసి వస్తుంది.

షరతు వాక్యాలూ ఇలాగే. వాన పడితే దుర్గం చెరువు నిండుతుంది. రేపు వాన పడితే నిండుతుంది. నిరుడు వాన పడి ఉంటే నిండి ఉండేది. తెలుగులో మొదటి రెంటికీ రూపం ఒకటే. ఇంగ్లిష్‌లో మూడింటికీ మూడు రూపాలు. చెరువు మారదు, వానా మారదు, వాక్యం మాత్రమే మారుతుంది కాబట్టి విద్యార్థి దృష్టి క్రియ మీదే నిలుస్తుంది.

కర్మణి వాక్యం సంగతి కొంచెం వేరు. తెలుగులో ‘బడు’ చేర్చిన వాక్యం కృతకంగా వినిపిస్తుంది. చేసినవారు ఎవరో చెప్పనక్కర లేనప్పుడు తెలుగు కర్తను వదిలేస్తుంది: ‘పరీక్షనాళికలో పది మిల్లీలీటర్ల నీరు తీసుకుని వేడిచేశాం’. ఇంగ్లిష్ ఆ పనికే పాసివ్ వాయిస్‌ను వాడుకుంటుంది. కర్తరి వాక్యాలు వంద ఇచ్చి అన్నిటినీ కర్మణిలోకి మార్చమనే పాత అభ్యాసం మార్పిడిని మాత్రమే నేర్పుతుంది. ఎందుకు మార్చాలో చెప్పదు. ప్రయోగాన్ని వర్ణించే వాక్యం ఆ కారణాన్ని తనలోనే చూపిస్తుంది: ముఖ్యం నీరు, దాన్ని వేడిచేసిన చెయ్యి కాదు.

తెలుగులో ఆర్టికల్స్ లేవు. కానీ కథ మొదలుపెట్టే తెలుగువారు ‘ఒక దోమ’ అని పరిచయం చేసి, తర్వాత ‘ఆ దోమ’ అంటారు. ‘ఎ’, ‘ది’ల మర్మం చాలావరకు ఇదే. జాతి మొత్తాన్ని చెప్పేటప్పుడు ‘మస్కిటోస్’ అని బహువచనంలో, ఆర్టికల్ లేకుండా రాయడం దీనికి తోడైతే తప్పుల్లో పెద్ద భాగం తగ్గుతుంది. నీరు, గాలి, ఇసుక, వేడి లెక్కకు రావు, కొలతకే వస్తాయి అని సైన్స్ పాఠంలో పట్టుబడినవారు ఆఫీసు మెయిల్‌లో ‘ఇన్ఫర్మేషన్స్’, ‘ఎక్విప్‌మెంట్స్’ అని రాయడం మానుకుంటారు.

దోమ ప్రస్తావన ఉదాహరణ కోసం తెచ్చింది కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్, మలేరియా రోగి రక్తం తాగిన దోమను కోసి, దాని జీర్ణాశయపు గోడలో రంగు రేణువులున్న కణాలను సూక్ష్మదర్శినిలో చూశాడు. మలేరియా పరాన్నజీవి దోమలో పెరుగుతుందనడానికి అది మొదటి గట్టి ఆధారం. ఆ పరిశీలన అదే ఏడాది డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి రాస్ ఆ పరాన్నజీవి జీవితచక్రంలో మిగతా భాగాన్ని తేల్చాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది.

బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన రాస్ వ్యాసం శీర్షిక ఒక్కటే పూర్తి వ్యాకరణ పాఠం. ‘ఆన్ సమ్ పెక్యూలియర్ పిగ్మెంటెడ్ సెల్స్ ఫౌండ్ ఇన్ టూ మస్కిటోస్ ఫెడ్ ఆన్ మలేరియల్ బ్లడ్’ అన్నది ఆ శీర్షిక. తెలుగులో చెబితే, మలేరియా రక్తం తాగిన రెండు దోమల్లో కనిపించిన కొన్ని విచిత్ర వర్ణక కణాల గురించి. ఇంగ్లిష్‌లో చివర ఉన్న రక్తం తెలుగులో ముందుకొచ్చింది. మొదట ఉన్న ‘ఆన్’ తెలుగులో ‘గురించి’ అయి చివరికి వెళ్లింది. తెలుగు ‘తాగిన’, ‘కనిపించిన’ అనే విశేషణాలను నామవాచకానికి ముందు పెడుతుంది. ఇంగ్లిష్ ‘ఫెడ్’, ‘ఫౌండ్’లను వెనక తగిలిస్తుంది. పొడవైన ఇంగ్లిష్ వాక్యం చదివేటప్పుడు తెలుగు పాఠకుడు దారి తప్పేది ఇక్కడే. ‘విచ్’, ‘దట్’ కనిపిస్తే గుర్తుపడతాడు. అవి లేకుండా వచ్చిన ‘ఫౌండ్’ను వాక్యానికి ప్రధాన క్రియ అనుకుంటాడు. సాంకేతిక మాన్యువళ్లలో ఇలాంటి నిర్మాణం పేజీపేజీకీ వస్తుంది. రాస్ కథ తెలిసినవారికి కనిపించినవి ఏవో, తాగినవి ఏవో ముందే తెలుసు కాబట్టి కట్టు విప్పడం తేలికవుతుంది.

శాస్త్ర రచనలో మరో ప్రధాన లక్షణం క్రియను నామంగా మార్చడం. భీమవరంలో పుట్టి 1923లో బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించిన వ్యాసం పేరు ‘ది కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్’. రంగు గాఢతను బట్టి భాస్వరం ఎంత ఉందో కనుక్కోవడం అనే పని అక్కడ ‘డిటర్మినేషన్’ అనే ఒక్క నామంలో ఇమిడింది. ‘ఎవాపరేట్’ను ‘ఎవాపరేషన్’గా, ‘రిమూవ్’ను ‘రిమూవల్’గా మార్చి, వాటితో వాక్యం మొదలుపెట్టగలిగినవారే కారణాన్నీ ఫలితాన్నీ ఒకే వాక్యంలో చెప్పగలుగుతారు. దీనికి చాలా సాధన కావాలి.

పదసంపద విషయంలో భయపెట్టేవి పెద్ద పదాలు. అడ్డుపడేవి మాత్రం మధ్యస్థాయి పదాలు. క్లోరోఫిల్ అంటే పత్రహరితం అని ఒకసారి నేర్చుకుంటే అయిపోతుంది. ‘కన్సిస్ట్’, ‘వేరీ’, ‘ఇండికేట్’, ‘హెన్స్’, ‘వేర్‌యాజ్’ లాంటివి ఏ ఒక్క శాస్త్రానికీ చెందవు, అన్నిటిలోనూ వస్తాయి, ఎవరూ వేరుగా నేర్పరు. ఎవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన విద్యావిషయక పదజాబితాలో ఇలాంటి పదకుటుంబాలు 570. ఇవి కాక, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి నోట రోజూ నలిగే ట్రీ, రూట్, బ్రాంచ్, స్ట్రీమ్, క్లౌడ్, వైరస్ ప్రకృతి నుంచి కంప్యూటర్‌లోకి వెళ్లినవే. వాటి అసలు అర్థాల దగ్గర మొదలుపెడితే ‘బ్రాంచ్ అవుట్’, ‘అప్‌స్ట్రీమ్’ వంటి వాడుకలు బట్టీ లేకుండానే అందుతాయి.

చదివే సామగ్రి ఎంపికలో తొందర పనికిరాదు. ఎవరి సాయమూ లేకుండా అర్థం కావాలంటే పాఠ్యంలోని ప్రతి 100 మాటల్లో 98 దాకా తెలిసి ఉండాలని పరిశోధకుల అంచనా. విషయం తెలుగులో ముందే తెలిస్తే తెలియని మాటను ఊహించడం కుదురుతుంది. అందుకే టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ కోసం నగరంలో శిక్షణ పొందేవారు నేరుగా నమూనా ప్రశ్నపత్రాల మీద పడటం కన్నా, తెలుగులో తెలిసిన భూగర్భశాస్త్రం, జీవశాస్త్రం విషయాలను ఇంగ్లిష్‌లో చదువుకోవడం మేలు. ఆ పరీక్షల పఠన భాగాల్లో అలాంటి విషయాలే తరచు వస్తాయి.

చూసి రాయడానికి కావలసిన సామగ్రి ఐటీ కారిడార్‌లో అద్దాల భవనాల మధ్యే పడి ఉంది. ఇక్కడి గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎండకు వ్యాకోచించి, చల్లబడి సంకోచించి, నీరు చొరబడి, పొరలుపొరలుగా ఊడి బండలు గుండ్రబడిన తీరు కారణం–ఫలితం వాక్యాలకు చక్కటి ఆధారం. దుర్గం చెరువు మీద 2020లో తీగల వంతెన వచ్చింది. వంతెనకు ముందు, తర్వాత అని పోల్చి రాస్తే పర్ఫెక్ట్ కాలాలు అవసరపడతాయి. కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌లో చెట్టును వర్ణించవచ్చు. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట ఎగిరినప్పుడు కనిపించే నీలిరంగును చెప్పాలంటే విశేషణాల వరుస తెలియాలి. సలీం అలీ 1931–32లో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చిన ఆ నివేదికలు చూసింది చూసినట్టు పొదుపుగా రాయడానికి మంచి నమూనాలు. 2025లో కంచ గచ్చిబౌలి భూముల వివాదంలో చెట్ల నరికివేతను ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది. ఆ ఒక్క విషయం మీదే వార్త, కోర్టు ఉత్తర్వు, జీవజాతుల జాబితా మూడూ ఇంగ్లిష్‌లో దొరుకుతాయి. మూడింటి భాష వేరువేరు.

ఈ పద్ధతికి ఒక షరతు ఉంది, దాన్ని దాటితే మేలు కీడవుతుంది. విషయం కొత్తదై, భాషా కొత్తదైతే పిల్లలకు రెండూ అందవు. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022–23 నుంచి ఇంగ్లిష్ మీడియం మొదలైనప్పుడు, పాఠం తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ పక్కపక్కన ఉండే ద్విభాషా పుస్తకాలు ఇచ్చారు. ఇటుక బట్టీల నుంచి, భవన నిర్మాణ కూలీల గుడిసెల నుంచి వచ్చే పిల్లలకు ఆ తెలుగు పేజీయే ఆధారం. దాన్ని ఇంగ్లిష్ రానివారి ఊతకర్రగా చూడటం తప్పు. ముందు తెలుగు పేజీ చదివి, చర్చించి, చూడదగినదైతే బయటికెళ్లి చూసి, ఆ తర్వాత ఇంగ్లిష్ పేజీ తెరవాలి. పుస్తకం మూసి నాలుగు వాక్యాలు సొంతంగా రాయడం ఆఖరున. రాసినదాంట్లో విషయాన్ని సైన్స్ టీచరు, వాక్యాన్ని ఇంగ్లిష్ టీచరు దిద్దితే ఒకే రాత రెండు సబ్జెక్టులకూ పనికొస్తుంది. ఇందుకు ఇద్దరు టీచర్లు కలిసి కూర్చునేలా టైమ్‌టేబుల్‌లో వారానికి ఒక పీరియడ్ కేటాయిస్తే చాలు.