కూలర్ తర్వాత.. ముందు మన నెత్తిమీద స్లాబు సంగతి అడుగుదాం

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మొన్న గ్రూపులో ఒక తమ్ముడు రాశాడు: "హాస్టల్‌కి కూలర్లు ఇప్పించమని వినతిపత్రం ఇద్దాం" అని. చాలామంది లైకులు కొట్టారు. నేను కొట్టలేదు. ఎందుకో చెప్తాను.

నేను భీమవరంలో చదువుకున్నప్పుడు మా గది పైఅంతస్తు. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రంతా ఆ వేడిని మా మీద కక్కేది. ఫ్యాను తిప్పేది ఆ వేడిగాలినే. కిటికీ తీస్తే దోమలు, మూస్తే ఉక్క. పరీక్షలేమో సరిగ్గా ఏప్రిల్‌లో. రాత్రి రెండింటి దాకా నిద్రపట్టని పిల్లాడు పొద్దున పరీక్షలో ఏం రాస్తాడు? మార్కులు తగ్గితే మాత్రం "ఏజెన్సీ పిల్లలు, చదువు ఎక్కదు" అంటారు. ఎక్కనిది చదువు కాదు సార్, నిద్ర!

ఇక కూలర్ సంగతి. నీళ్లు ఆవిరవుతూ గాలిలో వేడిని లాక్కుంటాయి, కూలర్ పనిచేసేది అలాగే. గాలి పొడిగా ఉండే అనంతపురంలో అది బంగారం. భీమవరం చుట్టూ వరిచేలు, చేపల చెరువులు, దగ్గర్లోనే సముద్రం. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఇంకా నీళ్లు ఎలా ఆవిరవుతాయి? పడమటిగాలి కొట్టే నాలుగు రోజులు పనిచేస్తుందేమో. మిగతా రోజులు ఉక్కకి ఇంకాస్త ఉక్క తోడవుతుంది. ఫోటో దిగి, కూలర్లు ఇచ్చామని చెప్పుకోవడానికి మాత్రం బాగుంటుంది.

"అయితే ఏసీ అడుగుదాం, మన హక్కు కాదా అన్నా?" అంటారు. హక్కే. ఆఫీసర్ గదిలో ఏసీ ఉండి, పిల్లల గదిలో ఇరవై మందికి రెండు ఫ్యాన్లు ఉంటే అడగాల్సిందే. కానీ కాలే స్లాబు కింద ఏసీ పెట్టడమంటే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. రేపు కరెంటు బిల్లు చూపించి స్విచ్ కట్టేసేది కూడా వాళ్లే.

మన తాతల ఇల్లు గుర్తు తెచ్చుకోండి. తడికెకి మెత్తిన మట్టి గోడ, కిందికి దిగిన తాటాకు చూరు, పక్కన చింతచెట్టు. ఎండ గోడకి తగలకుండానే ఆగిపోయేది. గుడిసెల్లోకి తిరిగి వెళ్దామని నేను అనట్లేదు. తాటాకు అంటుకుంటుంది, వానకి కారుతుంది, ఆ కష్టం మనకే తెలుసు. కానీ ఎండని ముందు బయటే ఆపాలన్న తెలివి వాళ్లది. అది వెనకబాటుతనం కాదు. పోలవరం ముంపు కుటుంబాలకి కట్టిన కాలనీలు చూడండి, వరసగా ఒకే నమూనా స్లాబు ఇళ్లు. మన వాళ్లని ఎవరైనా అడిగి కట్టారా?

ఇప్పుడు పెద్ద చదువులవాళ్లు చెప్పేదీ అదే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. పైకప్పుకి తెల్లటి పూత వేస్తే ఎండలో చాలా భాగం వెనక్కి పోతుంది, స్లాబు అంత కాలదు. అంతే విషయం. 2015 వడగాల్పులకి మన ఆంధ్రాలోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎండ అంటే సౌకర్యం గొడవ కాదు, ప్రాణం గొడవ.

కాబట్టి వినతిపత్రంలో ఇవి రాద్దాం:

1. ఏటా మార్చిలోపు ప్రతి హాస్టల్ స్లాబుకి సున్నమో, తెల్ల పూతో వేయాలి.
2. ప్రతి కిటికీకి దోమల మెష్ బిగించాలి. ముఖ్యంగా ఆడపిల్లల హాస్టళ్లకి, రాత్రి ధైర్యంగా కిటికీ తెరుచుకునేలా గట్టి గ్రిల్ కూడా.
3. పడమటి గోడకి నీడ కావాలి. చెట్లు మేమే నాటుతాం, చోటు చూపించండి.
4. పాత ఫ్యాన్లు 75 వాట్లు లాగుతాయి, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్లు సుమారు 30. అదే కరెంటుతో రెట్టింపు ఫ్యాన్లు పెట్టొచ్చు.

ఇవి చేశాక కూడా ఉక్కపోస్తే అప్పుడు ఏసీ అడుగుదాం, గట్టిగానే అడుగుదాం.

కూలర్ అడిగితే "బడ్జెట్ లేదు" అంటారు. సున్నానికి కూడా బడ్జెట్ లేదని అనమనండి చూద్దాం! సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కి ఎవరెవరు వస్తారో కింద పేరు పెట్టండి. లైకులు వద్దు.

జై ఆదివాసీ!