పొద్దున్నే కుంటే పిల్లలు

"ఎదిగే వయసు, కాళ్ళు పీకుతాయిలే!" పిల్లలు కాళ్ళనొప్పి అనగానే మన ఇళ్ళలో మొదట వచ్చే మాట ఇదే. చాలాసార్లు నిజం కూడా. కానీ ఆ ఒక్క మాటతో ప్రతి నొప్పినీ తోసిపారెయ్యకూడదని నా అభిప్రాయం.

ఎదిగే నొప్పులు సాయంత్రమో రాత్రో వస్తాయి. తెల్లారేసరికి పిల్లలు మామూలుగా పరిగెడతారు. కీళ్ళవాతం అలా కాదు. నిద్ర లేవగానే కీలు బిగుసుకుపోయి ఉంటుంది, కుంటుతారు, కాసేపు తిరిగాక సర్దుకుంటుంది. కీలు వాచి ఉండొచ్చు. చంటిపిల్లలు నొప్పి అని చెప్పరు, ఎత్తుకోమని మారాం చేస్తారు. మనం బద్ధకం అనుకుంటాం.

16 ఏళ్ళలోపు మొదలై, కనీసం 6 వారాలు ఉండి, వేరే కారణం దొరకని కీళ్ళ వాపుని డాక్టర్లు జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అంటారు.

మనం "చూద్దాంలే" అనుకునే రోజుల్లో లోపల పని జరిగిపోతూనే ఉంటుంది. కీలులో కోడిగుడ్డు తెల్లసొనలా జిగురుగా ఉండే ద్రవం వాపు వల్ల పలచబడుతుంది. ప్రోటీన్లని కత్తిరించే ఎంజైములు అందులో పోగవుతాయి. ఎముకల చివర నున్నటి పొరలోని కొల్లాజెన్‌ని ముక్కలు చేస్తాయి. మనం "గుజ్జు అరిగింది" అనేది ఆ పొర గురించే. ఒకసారి పోతే అది మళ్ళీ మునుపటిలా రాదు.

ఇంకో రకం ఎంజైములు ప్రోటీన్ల రూపాన్నే మారుస్తాయి, వాటిలోని ఆర్జినిన్‌ని సిట్రులిన్‌గా చేస్తాయి. కొందరు పిల్లల్లో శరీరం ఆ మారిన సొంత ప్రోటీన్ల మీదే యుద్ధం ప్రకటిస్తుంది. యాంటీ సీసీపీ అనే రక్తపరీక్ష పట్టుకునేది దాన్నే. ఎక్కువమంది పిల్లల్లో ఆ పరీక్షా, ఆర్.ఏ. ఫ్యాక్టరూ రెండూ నెగటివే వస్తాయి. అందుకే రిపోర్టు చూసి ధీమాగా ఉండిపోకూడదు.

ఇలాంటి పిల్లలకి కంటి లోపల కూడా వాపు రావచ్చు. ఎరుపూ ఉండదు, నొప్పీ ఉండదు. కళ్ళ డాక్టరు స్లిట్ ల్యాంప్‌తో చూస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు మంచి మందులున్నాయి. త్వరగా మొదలుపెడితే చాలామంది పిల్లలు హాయిగా ఆడుకుంటారు. "ఆడపిల్ల, నలుగురికీ తెలిస్తే ఎలా" అని దాచిపెట్టడం మాత్రం ఆ పిల్ల కీళ్ళతో మనం పరువు కొనుక్కోవడమే.

డాక్టరు బిడ్డని చూసేది పది నిమిషాలు. పొద్దున మంచం దిగేటప్పుడు చూసేది మనమే. ఏ కీలు, ఎంతసేపు, ఎన్ని రోజులుగా అన్నది పాలలెక్క రాసుకున్నట్టు రాసుకుని తీసుకెళ్ళండి. తల్లి చెప్పే ఆ వివరం ఏ పరీక్షకీ తీసిపోదు.