రోగితో మాట్లాడేదెవరు?

ప్రశ్నోత్తరాల సమయంలో ఆరోగ్య మంత్రిత్వ శాఖ వంతు వచ్చిన రోజున సభ్యులు ఏమి అడుగుతారో ముందుగానే ఊహించవచ్చు. మా రాష్ట్రంలో ఎయిమ్స్ పూర్తయ్యేదెప్పుడు? మా జిల్లా ఆసుపత్రిలో పడకలెన్ని? ఖాళీగా ఉన్న వైద్యుల పోస్టులెన్ని? మంత్రిగారు అంకెలతో సమాధానమిస్తారు. దేశంలో 834 మందికి ఒక వైద్యుడున్నట్లు 2023లో పార్లమెంటుకు చెప్పారు. ఆయుర్వేద, హోమియో, యునానీ వైద్యులను కూడా కలుపుకొని వేసిన లెక్క అది. ఆ 834 మందిలో ఒకరు వచ్చి ఎదుట కూర్చున్నప్పుడు ఆ వైద్యుడు ఏమి మాట్లాడతాడు, ఎంతసేపు మాట్లాడతాడు, అసలు ఎవరితో మాట్లాడతాడు అన్న ప్రశ్న మాత్రం ఏళ్ల తరబడి ప్రెస్ గ్యాలరీలో కూర్చున్న ఈ విలేఖరికి వినిపించిన సందర్భాలు బహు తక్కువ.

ఎంతసేపు అన్నదానికి ఒక జవాబు ఉన్నది. 67 దేశాలలో ప్రాథమిక వైద్యుని వద్ద రోగికి దక్కే సమయాన్ని పరిశీలించిన అధ్యయనమొకటి బ్రిటిష్ వైద్య పత్రిక బీఎంజే ఓపెన్‌లో 2017లో వెలువడింది. స్వీడన్‌లో 22 నిమిషాలకు పైగా, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, మన దేశంలో సుమారు 2 నిమిషాలు. పాకిస్తాన్ సంగతి మనకంటె మెరుగేమీ కాదు. సరిహద్దుల మీద, నదీజలాల మీద ఎన్నడూ ఏకాభిప్రాయానికి రాని ఉపఖండం ఈ ఒక్క విషయంలో ఏకమైనట్లు కనబడుతున్నది.

రెండు నిమిషాలలో ఏమి మాట్లాడగలమని వైద్యులు ప్రశ్నిస్తే అది న్యాయమైన ప్రశ్నే. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా వందమందిని చూడవలసిన యువ వైద్యుణ్ణి తప్పుపట్టడం సులభం. అతని కుర్చీలో కూర్చోవడం కష్టం. కాని సమయం పెరిగినంతమాత్రాన సమస్య తీరదు. మన దేశంలో ఆ కొద్దిసేపటి మాట అయినా రోగికి చేరడం లేదు. పక్కనున్న కొడుకుకో, భర్తకో, తల్లికో చేరి అక్కడ ఆగిపోతున్నది. రోగి పక్షాన మరొకరు విన్నారు, మరొకరు సంతకం చేశారు గనుక చెప్పవలసినది చెప్పినట్లేనని వైద్యవృత్తి భావిస్తున్నది. నిబంధనలు అందుకు తలుపు తెరిచి ఉంచాయి. ప్రభుత్వ యంత్రాంగమైతే ఒక్కొక్కప్పుడు ఆ తలుపు గుండా వేలమందిని నడిపించింది.

ఇందుకు తార్కాణం కోసం తెలుగు పాఠకులు దూరం వెళ్లనక్కరలేదు. 2009 జూలైలో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేసే పథకమొకటి మొదలయింది. ‘పాత్’ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి దానిని చేపట్టాయి. గుజరాత్‌లోని వడోదర జిల్లాలోనూ ఇటువంటి కార్యక్రమమే జరిగింది. ఖమ్మంలో టీకా వేయించుకున్న సుమారు 14 వేలమందిలో ఆశ్రమ పాఠశాలల గిరిజన బాలికలు అనేకులు. కొందరు బాలికలు మరణించారన్న వార్తలు వచ్చాయి. మహిళా సంఘాలు జిల్లాకు వెళ్లి విచారించాయి. ఢిల్లీలో ఆందోళన జరిగింది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం పథకాన్ని నిలిపివేసింది. మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్లు కనబడడం లేదని ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం అభిప్రాయపడింది. అంగీకార పత్రాల కథ మాత్రం వేరుగా తేలింది.

ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖకు చెందిన పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టు 30న సమర్పించిన తన 72వ నివేదికలో ఆ కథను వివరంగా చెప్పింది. ఖమ్మం జిల్లాలో పరిశీలించిన 9,543 పత్రాలలో 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద సంతకం చేసినవారు వసతి గృహాల వార్డెన్లు. తల్లిదండ్రుల పక్షాన ఉపాధ్యాయులు, వార్డెన్లు సంతకం చేయవచ్చునన్న రాష్ట్ర అధికారుల ఉత్తర్వును సంఘం గట్టిగా తప్పుపట్టింది. అడవి అంచు గూడెంలో ఉన్న తల్లికి ఎవరు ఏమి చెప్పారు? ఆ తల్లి ఏమైనా అడిగిందా? సూది వేయించుకున్న పిల్ల ఏమనుకున్నది? ఆ పత్రాలలో వీటికి చోటు లేదు. సంతకానికి మాత్రం చోటున్నది, ఆ చోటు నిండింది.

పార్లమెంటరీ సంఘాల నివేదికలు చాలావరకు గ్రంథాలయంలో నిద్రపోతాయి. ఇది అలా నిద్రపోలేదు. దానిని సుప్రీంకోర్టులో ఆధారంగా చూపవచ్చునా, చూపితే సభాహక్కులకు భంగం కలుగుతుందా అన్న చర్చ రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్లింది. నివేదికలను న్యాయస్థానం చూడవచ్చును, సహాయంగా తీసుకోవచ్చును, కాని వాటి సక్రమతను ప్రశ్నించరాదని 2018 మే నెలలో తీర్పు వచ్చింది. రాజ్యాంగ నిపుణులకు అది ముఖ్యమైన తీర్పే. భద్రాచలం తల్లికి చెప్పని మాట ఆ తీర్పు తరువాత కూడా చెప్పని మాటగానే ఉండిపోయింది.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. టీకా చెడ్డదని ఈ విలేఖరి అనడం లేదు. ఆ క్యాన్సర్ ఈ దేశంలో ఏటా 70 వేలమందికి పైగా స్త్రీలను బలిగొంటున్నదని ఇటీవలి అంతర్జాతీయ అంచనాలు చెబుతున్నాయి. సిక్కిం రాష్ట్రం 2018లోనే ఈ టీకాను బాలికలకు వేయించింది. దానిని జాతీయ కార్యక్రమంలో చేర్చాలని 2022లో నిపుణుల సలహా సంఘం సిఫారసు చేసింది. 2024 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో దానిని ప్రోత్సహిస్తామన్నారు. ఖమ్మం వివాదానికి, ఆ ప్రసంగానికి మధ్య పద్నాలుగు సంవత్సరాలు గడిచాయి. ఆలస్యానికి ధర, సరఫరా వంటి కారణాలు వేరే ఉండవచ్చు. అయినా ఆ వివాదపు నీడ టీకా మీద చిరకాలం పడిందన్నది కాదనరానిది. నాడు గూడేలలో నాలుగు రోజులు కూర్చుని కోయ భాషలోనో తెలుగులోనో మాట్లాడి ఉంటే ఖర్చయ్యేది స్వల్పం. మాట్లాడకపోయినందుకు దేశం చెల్లించిన మూల్యం స్వల్పం కాదు.

నిరక్షరాస్యులైన గిరిజనుల విషయం కనుక అలా జరిగిందని సరిపెట్టుకోవడానికి వీలులేదు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన కేసును చూడండి. దేశ రాజధానిలో, 44 ఏళ్ల అవివాహిత మహిళ అధిక రక్తస్రావంతో 1995లో ఒక క్లినిక్‌కు వెళ్లింది. వ్యాధి ఏమిటో తెలుసుకునేందుకు లాపరోస్కోపీ పరీక్షకు అంగీకరించి సంతకం చేసింది. ఆమె మత్తులో ఉండగా, బయట వేచి ఉన్న తల్లి దగ్గరకు వైద్యురాలి సహాయకురాలు వచ్చి మరో సంతకం తీసుకున్నది. గర్భసంచిని, అండాశయాలను తొలగించారు. మెలకువ వచ్చాక గాని ఆమెకు సంగతి తెలియలేదు. ప్రాణాపాయ స్థితి కానప్పుడు, యుక్తవయస్కురాలైన రోగి స్పృహలోకి వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలి తప్ప తల్లి అంగీకారం చెల్లదని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. వైద్యురాలు సదుద్దేశంతోనే చేశారని భావిస్తూ, ఫీజు వదులుకోవాలని, 25 వేల రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది.

ఆ తీర్పు ఒక చేత్తో ఇచ్చినదాన్ని మరో చేత్తో కొంత వెనక్కు తీసుకున్నది. ఎంత సమాచారం చెప్పాలన్నదానికి అమెరికాలో వలె రోగి అవసరాన్ని కొలబద్దగా తీసుకోవడం మన దేశానికి తగదని, సాటి వైద్యులు సబబని భావించినంత చెబితే చాలునని అందులో నిర్ణయించారు. రోగులలో అత్యధికులు పేదలు, చదువురానివారు, వైద్య పరిభాషను అర్థం చేసుకోలేనివారు అన్నది అందుకు చూపిన కారణాలలో ఒకటి. న్యాయమూర్తుల కరుణలో సందేహం లేదు. కాని అర్థం చేసుకోలేనివానికి తక్కువ చెప్పాలా, ఎక్కువసేపు చెప్పాలా? మనం బ్రిటన్ నుంచి అరువు తెచ్చుకున్న ఆ కొలబద్దను బ్రిటన్ సుప్రీంకోర్టే, స్కాట్లండ్‌కు చెందిన ఒక ప్రసవ కేసులో, 2015లో పక్కన పెట్టింది. మన వద్ద 2008 నాటి తీర్పును నేటికీ న్యాయవాదులు ఉదహరిస్తూనే ఉన్నారు.

భారత వైద్య మండలి 2002లో చేసిన వృత్తి నియమావళిలోనూ ఇదే ధోరణి. జబ్బు తీవ్రతను పెంచీ చెప్పరాదు, తగ్గించీ చెప్పరాదు అంటుంది, మంచి మాట. ఆ సంగతి ఎవరికి తెలియాలి? రోగికి, లేదా బంధువులకు, లేదా బాధ్యతగల మిత్రులకు. శస్త్రచికిత్సకు ముందు ఎవరి అంగీకారం రాయించుకోవాలి? భర్త లేదా భార్య. మైనరైతే తల్లిదండ్రులు లేదా సంరక్షకులు. లేదా, చివరగా, రోగి. ‘లేదా’ అన్న ఒక్క మాటలో మన వైద్యవ్యవస్థ స్వభావమంతా ఉన్నది.

కొన్నేళ్ల క్రిందట ప్రకాశం జిల్లా నుంచి ఒక పెద్దాయనను కుమారుడు వైద్యానికి ఢిల్లీ తీసుకువచ్చాడు. ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. రాజధానిలోని తెలుగు విలేఖరులకు ఈ దుబాసీ పని అలవాటే. ఎంపీగారి సిఫారసు ఉత్తరం తెచ్చుకున్నవారికి కూడా లోపలికి వెళ్లాక మాట్లాడే మనిషి కావాలి. వైద్యుడు మర్యాదస్థుడు. ఈ విలేఖరి వైపే చూస్తూ ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు చెప్పాడు. జబ్బు ముదిరిందని, ఆపరేషన్ వల్ల ప్రయోజనం లేదని వాటి సారాంశం. తండ్రి వెనుక నిలబడిన కొడుకు, చెప్పవద్దన్నట్లు తల అడ్డంగా ఊపాడు.

“ఏమంటున్నారు బాబూ డాక్టరుగారు?” అని పెద్దాయన అడిగాడు.

“మందులు రాసిచ్చారండీ. ఇంటికి వెళ్లవచ్చన్నారు.”

అందులో అబద్ధమేమీ లేదు. ఆయన కాసేపు ఊరుకుని, “అంతసేపు మాట్లాడింది ఇంతేనా?” అన్నాడు. ఇంగ్లీషులో పట్టా పుచ్చుకున్న ఈ విలేఖరికి ఆ ప్రశ్నకు తెలుగులో సమాధానం దొరకలేదు. తనకు నయమవుతుందన్న నమ్మకంతో ఆ పెద్దాయనే పట్టుబట్టి అరెకరం అమ్మించి మరో నగరంలో ఆపరేషన్ చేయించుకున్నాడని, ఆ తరువాత ఎక్కువకాలం లేడని, పిదప తెలిసింది. కొడుకును నిందించడానికి మనసు రాదు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే 2021-22లో దేశపు మొత్తం ఆరోగ్య వ్యయంలో 39 శాతం ప్రజలు సొంత జేబులోంచి పెట్టుకున్నది. డబ్బు తెచ్చేవానితో మాట్లాడడం వైద్యునికి సహజమవుతుంది. ఆ పొలం ఎవరిదో, అమ్మాలో వద్దో నిర్ణయించవలసినదెవరో ఆనాడు ఆ గదిలో ఎవరికీ తోచలేదు.

మార్పు బొత్తిగా లేదనడం అన్యాయం. 2019లో చేరిన ఎంబీబీఎస్ విద్యార్థుల నుంచి ప్రవర్తన, నీతి, సంభాషణ అన్న పాఠ్యభాగాన్ని తప్పనిసరి చేశారు. దుర్వార్త ఎలా చెప్పాలో కూడా అందులో ఉన్నది. అయితే ఆ పాఠం చదివిన యువకుడు రెండు నిమిషాల ఓపీలోకే వస్తున్నాడు. పైగా ప్రభుత్వ కళాశాలల పీజీ సీట్లలో సగం అఖిల భారత కోటా; గుంటూరులోనో విశాఖలోనో రాత్రి డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరుకు తెలుగు రాకపోవచ్చు. 2022లో భోపాల్‌లో హిందీ వైద్య పాఠ్యపుస్తకాలను హోంమంత్రి అమిత్ షా అట్టహాసంగా విడుదల చేశారు. విద్యార్థి ఏ భాషలో చదవాలన్నదాని మీద జరిగిన రాజకీయ చర్చలో పదో వంతయినా, రోగికి ఏ భాషలో చెప్పాలన్నదాని మీద జరగలేదు. మాట సంగతి అటుంచి రాతయినా తెలియాలి గదా అని న్యాయస్థానాలు విసుగు చెందుతున్నాయి: చదవడానికి వీలైన మందుల చీటీ పొందడం రోగి ప్రాథమిక హక్కులో భాగమని 2025లో పంజాబ్, హర్యానా హైకోర్టు చెప్పవలసి వచ్చింది.

ఇక నియమావళి సంగతి. వైద్య మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న కొత్త నిబంధనలను ప్రకటించింది. చికిత్సకు గాని శస్త్రచికిత్సకు గాని ముందు రోగికి వివరించి, రోగి అంగీకారాన్నే లిఖితపూర్వకంగా తీసుకోవాలని, రోగి ఇవ్వలేని స్థితిలో ఉంటేనే కుటుంబసభ్యులను అడగాలని అందులో ఉన్నది. ‘లేదా’ తొలగిపోయింది. కాని ఆ నిబంధనలలోనే కంపెనీ పేర్లతో కాక జనరిక్ పేర్లతోనే మందులు రాయాలన్న షరతు, మందుల కంపెనీల సొమ్ముతో జరిగే సదస్సుల మీద ఆంక్షలు కూడా ఉన్నాయి. వైద్యుల సంఘాలు భగ్గుమన్నాయి. పత్రికలలో, టీవీలలో రభస అంతా మందుల పేర్ల మీదే. అంగీకారం గురించిన వాక్యాన్ని ఎవరూ వ్యతిరేకించినట్లు లేదు, ఎవరూ సమర్థించినట్లూ లేదు. ఆగస్టు 23న కమిషన్ మొత్తం నిబంధనలను నిలిపివేసి, 2002 నియమావళినే మళ్లీ అమలులోకి తెచ్చింది. రోగిని ముందుంచిన వాక్యం మూడు వారాలు బ్రతికింది. దాని స్థానంలో పాత వరుసే తిరిగి వచ్చింది: భర్త లేదా భార్య, తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, లేదా రోగి.