విశాఖ ఉక్కు: డబ్బు వచ్చింది, గని ఏదీ?

విశాఖపట్నం: విశాఖ ఉక్కు కర్మాగారానికి కేంద్ర మంత్రివర్గం 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సాయం మంజూరు చేసింది. దీనితో గండం గడిచినట్లేనా? లెక్కలు చూస్తే గండం వాయిదా పడిందనే చెప్పాలి.

2024 మార్చి 31 నాటికి సంస్థ ఏడాదిలోగా తీర్చవలసిన బాకీలు 26,114 కోట్లు. అదే గడువులో చేతికి రాగల సొమ్ము, సరుకు కలిపి 7,686 కోట్లు. అంటే రూపాయి బాకీకి 29 పైసలే ఉన్నాయి. బ్యాంకుల్లో అప్పు పరిమితి అయిపోయింది. 2024 జూన్‌లో వడ్డీ, వాయిదాలు కూడా కట్టలేకపోయింది.

మంజూరైన సాయంలో వాటా ధనంగా వచ్చేది 10,300 కోట్లు. మిగతా 1,140 కోట్లు కొత్త డబ్బు కాదు. లోగడ ఇచ్చిన అప్పునే వాటాలుగా మార్చారు. బాకీలకూ ఆస్తులకూ నడుమ తేడా చూస్తే 18,400 కోట్ల పైమాటే. పాత బాకీలకే ఈ సొమ్ము చాలదు.

నష్టం ఎక్కడిది?

2021-22లో ఈ కర్మాగారం 900 కోట్ల పైచిలుకు లాభం చూపింది. 2022-23లో 2,800 కోట్లకు పైగా, మరుసటి ఏడాది 4,800 కోట్లకు పైగా నష్టపోయింది. కార్మికులు పనిచేయకపోవడమే కారణమనడం సరికాదు.

టాటా, సెయిల్ సంస్థలకు సొంత ఇనుప గనులు ఉన్నాయి. విశాఖ ఉక్కుకు లేవు. ఖనిజాన్ని బైలదిల్లా నుంచి మార్కెట్ ధరకు కొనాలి. కోకింగ్ బొగ్గు ఎక్కువగా విదేశాల నుంచే రావాలి. సొంత పొలం ఉన్న రైతుతో కౌలు రైతు ధరలో పోటీ పడవలసి వస్తే ఎలా ఉంటుందో, ఇదీ అంతే.

దీనికి తోడు విస్తరణకు చేసిన అప్పుల వడ్డీ భారం ఉంది. ఏటా 73 లక్షల టన్నుల సామర్థ్యం ఉన్నా, 2024 సెప్టెంబరులో మూడు బ్లాస్ట్ ఫర్నేసుల్లో ఒకటే నడిచింది. ఫర్నేసు ఆగినా జీతాలు, వడ్డీలు ఆగవు. తయారైన కొద్ది ఉక్కు మీదే ఆ ఖర్చంతా పడుతుంది.

చేయవలసినవి

మొదటిది, సొంత గని కేటాయింపు. అది తేలేవరకు ఎన్ఎండీసీతో దీర్ఘకాల ధర ఒప్పందం చేయించాలి. రెండు సంస్థలూ కేంద్ర ఉక్కు శాఖ కిందివే కనుక ఇది అసాధ్యం కాదు.

రెండవది, మూడు ఫర్నేసులూ ఏకధాటిగా నడవాలి. అందుకు బొగ్గు నిల్వలు ముందే ఉంచుకోవాలి. 2024 వేసవిలో గంగవరం రేవులో ఆందోళన వల్ల బొగ్గు అందక ఉత్పత్తి దెబ్బతిన్నది. ఒకే రేవును నమ్ముకోరాదు.

మూడవది, స్వల్పకాల అప్పులను తక్కువ వడ్డీకి దీర్ఘకాల అప్పులుగా మార్చాలి. సెయిల్‌లో విలీనం చేస్తే గనులు, బ్యాంకుల నమ్మకం రెండూ కలిసివస్తాయి.

నాలుగవది, మామూలు కడ్డీల కంటే ఎక్కువ ధర పలికే ప్రత్యేక రకాల ఉక్కు వాటా పెంచాలి.

భూములు అమ్మి బాకీలు తీర్చడం మాత్రం తేలిక దారిలా కనిపించే తప్పుదారి. భూమి ఒక్కసారే అమ్ముడవుతుంది, నష్టం ఏటా వస్తుంది. పైగా అవి 64 గ్రామాల వారు కర్మాగారం కోసం వదులుకున్న భూములు. ఆర్ కార్డు చేతపట్టుకుని నేటికీ ఉద్యోగం రాని కుటుంబాలు వేలల్లో ఉన్నాయి.

2021 జనవరి 27న నూరు శాతం వాటా అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. నష్టాల సంస్థను అమ్మితే గిట్టుబాటు ధర రాదు. గని ఇచ్చి నిలబెడితే అమ్మవలసిన అవసరమే రాదు. జిల్లా ప్రజాప్రతినిధులు ఢిల్లీలో అడగవలసింది మరో ప్యాకేజీ కాదు, గని.