ఉన్ని హిసాబ్

మొన్న ఇత్వార్ నాడు మా జీవాలకు ఉన్ని కత్తిరించాం. నలభై రెండు గొర్రెలు. ఫజర్ అయిన కాసేపటికి కత్తెరలు పట్టుకుని కూర్చున్న కురుమ కాక, ఆయన అల్లుడు అసర్ దాకా నడుం ఎత్తలేదు. సాయంత్రానికి నల్ల ఉన్ని రెండు గోనె సంచులైంది. తూకం వేస్తే పదిహేడు కిలోలు.

మా చిన్నోడు ఫోన్ తీసి హిసాబ్ చేశాడు. కత్తిరించిన కూలి గొర్రెకు ముప్ఫై చొప్పున 1,260 రూపాయలు. షావుకారి చెప్పిన ఖీమత్ కిలోకు పది. అంటే 170.

"అబ్బా, 1,090 నుక్సాన్. ఛాయ్, ఖానా లెక్క ఇంకా వెయ్యలే. బేచ్ డాలో వీటిని. నెల్లూరివి తెద్దాం" అన్నాడు.

ఆ పూట వాడికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. నెల్లూరి గొర్రెకు ఉన్ని ఉండదు, కత్తిరించే ఖర్చూ ఉండదు. ఒళ్లు పెద్దది, మాంసం ఎక్కువ. మండీలో అడిగేది దాన్నే. వాడి హిసాబ్ గలత్ కాదు. కానీ పూరా కూడా కాదు. ఆ మిగిలిన హిసాబ్ గురించే ఈ నాలుగు మాటలు.

ఏడేళ్ల కింద దుబాయ్ నుంచి వాపస్ వచ్చి, మిగిలిన పైసలతో నారాయణఖేడ్ వైపు నాలుగెకరాలు, ఇరవై దక్కనీ గొర్రెలు కొన్నాను. ఊళ్లో అందరూ నవ్వారు. "సాయబూ, మటన్ దుకాణం పెట్టుకోక గొర్లు కాసుడేంది?" అన్నారు. నాకు మాత్రం ఆ నల్ల గొర్రెంటే చిన్నప్పటి నుంచీ ముహబ్బత్. మా ఇంట్లో మాట్లాడే జబాన్ పేరు దక్కనీ, దాని పేరూ దక్కనీయే. రెండింటినీ గరుకు అనే అంటారు. రెండూ ఈ ఎర్ర మట్టిలో, ఈ రాళ్ల మధ్య, తక్కువ నీళ్లతో బతకడం నేర్చుకున్నవే.

ఖుషీలు లేవా అంటే, ఎందుకు లేవు! అర్ధరాత్రి ఈనిన గొర్రె పిల్లను తెల్లారేదాకా నాకుతుంటే పక్కన కూర్చోవడం ఒక ఖుషీ. ఉన్ని దిగిన గొర్రె ఒళ్లు దులుపుకుని, మోత దిగిన కూలీలా గెంతుతుంటే చూడటం ఒక ఖుషీ. పొలంలో నాలుగు రాత్రులు మంద పెట్టిస్తే మరుసటి ఏడు జొన్నలో కనిపించే బర్కత్ ఇంకొకటి. మా సొంత ఉన్నితో నేసిన మొదటి గొంగడి మా అమ్మీకి కప్పిన రోజు, ఆమె దాన్ని ముఖానికి ఆనించుకుని "వాన వాసన వస్తుంది బేటా" అంది. రంగు వెయ్యని నలుపది, గొర్రె ఇచ్చిన నలుపు. అరబ్బీలో సూఫ్ అంటే ఉన్ని. సూఫీ అనే మాట అందులోంచే వచ్చిందంటారు చాలామంది ఆలిమ్‌లు. గుచ్చుకునే ఆ బట్టను ఫకీర్లు ఎందుకు కోరి కప్పుకున్నారో ఆ చలికాలంలో నాకు కొంచెం సమజైంది.

గమ్‌లు కూడా చెప్పాలి. మూడో ఏడు ముసురులో నీలి నాలుక సోకి పది రోజుల్లో పదకొండు చచ్చాయి. మూతులు వాచి, మేత ముట్టక, నా కళ్ళలోకే చూస్తూ పోయాయి. గుంటలు తవ్వీ తవ్వీ నా చేతులు పగిలాయి. ఇంకో రాత్రి కుక్కలు దొడ్డి దూకి ఆరు పిల్లల్ని చంపాయి. ఇక బక్రీద్ ముందు పొట్టేళ్లను బండెక్కించడం. సీసాతో పాలు తాగించి పెంచినది నా గొంతు విని వెనక్కి తిరిగి అరుస్తుంది. ఖుర్బానీ అంటే ప్రియమైనదాన్ని ఇవ్వడమని చిన్నప్పుడు చదువుకున్నాను. జీవాలు పెంచాకే దాని బరువు తెలిసింది. సచ్ మాట్లాడుకుంటే, మా ఇల్లు నడిచేది ఆ పొట్టేళ్ల పైసలతోనే. ఉన్నితో కాదు.

అసలు నుక్సాన్ ఇవేవీ కావు. నిరుడు కాక భార్య, మేమంతా అవ్వా అని పిలిచే ఆమె, పోయింది. మా ఉన్ని వడికేది ఆమే. పక్కూరి దూదేకుల భాయి విల్లు పట్టి ఏకి ఇచ్చేవాడు. (ఆ పని చేసేవాళ్ల పేరునే "పింజారి" అని తిట్టు చేసిపెట్టుకున్నాం. ఇంత సిగ్గుమాలిన తిట్టు ఇంకోటి ఉండదు.) అవ్వ రాట్నం ముందు కూర్చుంటే ఒక గొంగడికి సరిపడా నూలుకు నెల పట్టేది. ఆ తర్వాత కాక చింతగింజల గంజి పట్టించి, గుంట మగ్గం మీద నాలుగు రోజులు నేసేవాడు. ఆ గొంగడి 3,500కు పోయేది.

ఇప్పుడు నేనూ ఫోన్ తీసి హిసాబ్ చేశాను. ముప్ఫై నాలుగు రోజుల మెహనత్‌కు 3,500. ఏకిన భాయి మజూరీ, ఉన్ని ఖీమత్ తీసెయ్యకుండానే రోజుకు వంద రూపాయలు. ఉపాధి హామీ పనికి పోతే దానికి మూడింతల దాకా వస్తుంది. కాక కోడలు రాట్నం ముట్టనంటే ఆమె మీద ఇల్జామ్ ఎలా వేస్తాం?

నాకు అర్థమైంది ఇదీ. ఉన్ని ఖీమత్ ఈమధ్య పడిపోయిందని అందరం ఏడుస్తున్నాం. అది ఎన్నడూ నిలబడలేదు. రాట్నం ముందు కూర్చున్న ఆడమనిషికి ఉజ్రత్ ఇవ్వకుండా ఇన్నాళ్లూ నిలబెట్టాం. దానికే "సంప్రదాయం" అని పేరు పెట్టాం. ఆమె లేచి వెళ్లిపోగానే గొంగడి చస్తోందని అఫ్సోస్ పడుతున్నాం. గొంగడి తారీఫ్ చేసే పట్నం దోస్తులు కూడా 3,500 అనగానే "కొంచెం తగ్గించు భాయ్" అంటారు. మాఫ్ చెయ్యండి, మీరు తగ్గించేది నా హిస్సా కాదు, అవ్వది.

సర్కారు సంగతీ అంతే. 2017లో గొల్ల కురుమలకు 75 శాతం సబ్సిడీ మీద ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చారు. 2019 పశుగణనలో దాదాపు కోటి 90 లక్షల గొర్రెలతో తెలంగాణ దేశంలోనే అవ్వల్‌గా నిలిచింది. ముబారక్. మాంసం కావాల్సిందే, గరీబు ఇంటికి ఆమ్దనీ రావాల్సిందే. కానీ అన్ని గొర్రెలున్న రాష్ట్రంలో మా మండలం మొత్తానికి ఉన్ని ఏకే మిషిన్ ఒక్కటి లేదు. మిషిన్‌తో ఏకితే, మోటారు రాట్నంతో వడికితే నెల పని వారానికి దిగుతుందని నా ఉమ్మీద్. అప్పుడు అదే ఖీమత్‌లో వడికే చేతికి ఇన్సాఫ్ జరుగుతుంది. మేం ఖైరాత్ అడగడం లేదు. మాంసానికి పెట్టిన ఫికర్‌లో పదో వంతు ఉన్నికి పెట్టమంటున్నాం.

చిన్నోడికి నా జవాబు ఇచ్చాను. పదిహేడు కిలోలు షావుకారికి పోవు. అయిదు గొంగళ్ల ఉన్ని అది. కాక కోడలితో మాట్లాడాను, వడికితే రోజుకు మూడు వందలిస్తానని. "మూడొందలంటే చూస్త సాయబన్నా, కానీ నడుం నొస్తే మానేస్త" అంది. మానేసే హఖ్ ఆమెదే. ఈ లెక్కన ఒక్కో గొంగడికి పదివేలు దాటుతుంది. ఆ ఖీమత్‌కు కొనేవాళ్లు దొరుకుతారో లేదో తెలియదు.

వచ్చే కోత దాకా చూస్తాను. దొరక్కపోతే సగం మందను అమ్మి వాడు చెప్పిన నెల్లూరివే తెస్తాను. మిగతా సగం నేను బతికున్నంత కాలం నల్లగానే ఉంటుంది.