వేషాలు వేస్తే అన్నం పుడుతుందా?

"చదువుకోరా అంటే వేషాలేస్తున్నావేంట్రా?" ఈ మాట పడకుండా పెరిగిన పిల్లవాడు మన తెలుగు ఇళ్ళల్లో ఉండడేమో! వేషం అంటే మనకి మోసం. నాటకం అంటే అబద్ధం. "నా దగ్గర నాటకాలాడకు" అంటాం. "వీడు పెద్ద యాక్టర్రా బాబూ" అంటాం. రాత్రి చప్పట్లు కొట్టి, తెల్లారాక ఈ మాటలంటాం.

సావనీర్‌కి ఏదైనా వ్యాసం రాయమని యూనియన్ మిత్రులు అడిగారు. బి.జెడ్.సి. ఆఖరి సంవత్సరం వాడిని కాబట్టి, ఏ కిరణజన్య సంయోగక్రియ మీదో రాస్తాననుకుని ఉంటారు. నేను మాత్రం ఈ వేషాల సంగతే రాయదలిచాను. ఎందుకంటే ఇది మా ఇంట్లో అరెకరం పొలం ఖరీదు చేసిన సంగతి.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. వ్యవసాయ కుటుంబం. వరి కోతలై, మినుములు ఇంటికి చేరాక వేసవిలో ఊళ్ళో పద్యనాటకం ఆడేవారట. మా తాతయ్య దుర్యోధనుడు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో పడకసీను అంటే చుట్టుపక్కల నాలుగూళ్ళ జనం బళ్ళు కట్టుకుని వచ్చేవారట. కృష్ణుడి వేషానికి పేరున్న నటుణ్ణీ, మంచి హార్మోనిస్టునీ బయటనుంచి పిలిపించి, ఆ ఖర్చంతా తాతయ్యే పెట్టుకునేవాడు. మూడు వేసవులు తిరిగేసరికి అరెకరం చెక్క చేతులు మారింది. ఇప్పుడది వేరేవాళ్ళ పొలం. అయినా మా ఇంట్లో ఈనాటికీ దాన్ని 'నాటకాల చెక్క' అనే అంటారు.

డిగ్రీ అయ్యాక రంగస్థల కళల్లో పి.జి. చేస్తానని నేను చెప్పిన రోజున అమ్మ తిట్టలేదు. "మనకి మిగిలింది రెండెకరాలే నాయనా" అంది. అంతే! ఆ మాటకి జవాబు వెతుక్కుంటూ రాస్తున్న వ్యాసం ఇది.

మన నాటకరంగ చరిత్ర చిన్నదేమీ కాదు. 1880లో కందుకూరి వీరేశలింగం గారి 'వ్యవహార ధర్మబోధిని'ని ఆడింది ఆయన విద్యార్థులే. అంటే మొదలుపెట్టింది మనలాంటి వాళ్ళే నన్నమాట! 1892లో విజయనగరంలో 'కన్యాశుల్కం' రంగమెక్కింది. 1929లో మా తెనాలిలోనే ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. ఇంత చరిత్రలో నటనని నమ్ముకుని బతికినవారు ఎందరు? బళ్ళారి రాఘవ గారు వృత్తికి ప్లీడరు. 'కన్యాశుల్కం'లో రామప్పపంతులుగా పేరు తెచ్చుకున్న జె.వి. సోమయాజులు గారు రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు. 1980లో 'శంకరాభరణం' వచ్చేదాకా ఆయన ముఖం నాటకాలు చూసేవారికి తప్ప తెలియదు. పరిషత్తు పోటీలకొచ్చే సమాజాల్లో చూడండి. టీచర్లు, బ్యాంకు గుమాస్తాలు, రైల్వే ఉద్యోగులు. అన్నం పెట్టేది ఆఫీసు. కళ సాయంత్రం ఆరు దాటాక.

నేను వాళ్ళని తక్కువ చేయడం లేదు. నాటకాన్ని నిలబెట్టింది వాళ్ళే. కానీ ఒక్క ప్రశ్న. ఉద్యోగమో పొలమో ఉన్నవాడికే నటుడయ్యే యోగం ఉంటే, ఏమీ లేనివాడి మాటేమిటి?

దీనికి ఒక జవాబు సురభివారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన కుటుంబ నాటకం అది. మగవాళ్ళు చీరలు కట్టి ఆడవేషాలు వేస్తున్న కాలంలో, ఆ ఇళ్ళ ఆడవాళ్ళే స్టేజి ఎక్కారు. అక్కడ తెర లాగేవాడూ, తీగ పట్టేవాడూ, పెట్టె మోసేవాడూ, కిరీటం పెట్టుకునేవాడూ వేరు వేరు కాదు. నాలాంటి రైతుబిడ్డకి అది చూస్తే కొత్తగా ఉండదు. ఇంటిల్లిపాదీ వంగితేనే పంట. కానీ ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉన్న ఆ సమాజాలు ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. పని తెలియక కాదు, టిక్కెట్టు కొనేవాడు లేక!

"అయితే సినిమాకి పోవచ్చుగా, రామారావూ నాగేశ్వరరావూ రైతుబిడ్డలే కదా" అంటారు మా హాస్టలు మిత్రులు. నిజమే. కానీ నాగేశ్వరరావు గారు చిన్నతనంలోనే నాటకాల్లో ఆడవేషాలు వేసి, నడకా చూపూ మాటా నేర్చి, ఆ తర్వాత 1944లో 'సీతారామ జననం'లో రాముడయ్యారు. రామారావు గారు సబ్ రిజిస్ట్రారు ఉద్యోగం మూణ్ణాళ్ళకే వదిలేసి మద్రాసు వెళ్ళారు. అంతకు ముందు బెజవాడలో, గుంటూరులో కాలేజీ రోజుల్లో నాటకాలాడారు. మనం ఉద్యోగం వదిలిన కథ చెప్పుకుంటాం. నాటకాలాడిన కథ మరిచిపోతాం.

ఇవాళ ఎవరి సెల్‌ఫోన్ వాళ్ళకి స్టూడియో. ముప్పై సెకన్ల రీలు, గొంతు ఎవరిదో, పెదవులు మనవి. టీవీ సీరియళ్ళలోనూ చాలాచోట్ల ఇదే వరస. పక్కనుంచి ఒకరు డైలాగు అందిస్తుంటే ఒకరు పెదవులు కదుపుతారు. గొంతు ఇంకెవరో డబ్బింగ్ కళాకారులది. ఆ డబ్బింగ్ కూడా గొప్ప పనే. కాని ఆ గొంతుకి ముఖం ఉండదు, ఆ ముఖానికి గొంతు ఉండదు.

ఇక నా అనుభవం. కిందటేడు వార్షికోత్సవానికి మేం ఒక నాటిక ఇరవై రోజులు రిహార్సల్ చేశాం. డాన్సు ఐటమ్స్ ఎక్కువయ్యాయని మా నాటికని పావుగంటకి కుదించారు. సరే అన్నాం. స్టేజి మీద మైకు మొరాయించింది. నేను గొంతు చించుకున్నాను. మూడో వరస దాటి ఒక్క మాట వినపడలేదట. ఈలలు మాత్రం నాకు బాగా వినిపించాయి. మూడు రోజులు మాట పెగల్లేదు. తర్వాత మా ఊరి పాత హార్మోనిస్టు ఒకాయన విని నవ్వి, "అరవడం కాదు అబ్బాయ్. పొట్టలో ఊపిరి నింపు. మీ తాత మైకు లేకుండా చెరువుగట్టు దాకా వినిపించేవాడు" అన్నారు. నాకు సిగ్గేసింది. ఉదరవితానం బొమ్మ రికార్డులో నీటుగా వేసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. అది వాడటం తెలిసినవాడు మాత్రం బడి ముఖం పెద్దగా చూడని మా తాతయ్య!

ఇంకోటి. ఆ రోజుల్లో ముఖానికి అర్దళం పూసుకునేవారు. పచ్చగా మెరుస్తుందని. అదేమిటో నాకు కెమిస్ట్రీ చదివాక తెలిసింది. ఆర్సెనిక్ సల్ఫైడ్. దుర్యోధనుడి తేజస్సు కోసం తాతయ్య ముఖానికి రాసుకున్నది విషం. ఇలాంటివి చెప్పేవాడు లేకపోవడం కూడా నటన ఒక విద్య అని మనం ఒప్పుకోకపోవడం వల్లే కదా?

టైట్రేషన్‌లో ఒక్క చుక్క దగ్గర ఆపడం చేతికి రావడానికి మనకి రెండేళ్ళు పట్టింది. మరి మనిషి ఏడుపుని ఒక్క చుక్క దగ్గర ఆపడానికి ఎన్నేళ్ళు పట్టాలి? ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాట్యశాస్త్రం నాలుగు విధాలు చెప్పింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రంగస్థల కళలు నేర్పే శాఖలున్నాయి. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా 1959 నుంచీ ఉంది. నేర్చినవాళ్ళందరూ హీరోలు కానక్కర్లేదు. లైటింగు, మేకప్, రంగాలంకరణ, దర్శకత్వం, డబ్బింగ్, బడిపిల్లలకి నాటకం నేర్పడం, ఇవన్నీ పనులే. నేర్చుకోకుండా ఫిలింనగర్ బస్సెక్కడం నారు పొయ్యకుండా కోతకి వెళ్ళడం లాంటిది.

మా లెక్చరర్ గారొకరు "ముందు డిగ్రీ పూర్తి చెయ్యవోయ్" అన్నారు. చేస్తాను సార్. పొలం పనిలోనూ నాన్నకి చెయ్యందిస్తాను. నటన నాకు చదువునుంచి తప్పించుకునే దారి కాదు, ఇంకో చదువు.

ఇక అమ్మకి జవాబు. ఆలోచించగా నాకొకటి తోచింది. తాతయ్య తప్పు నాటకం ఆడటం కాదమ్మా! నాలుగూళ్ళ జనం చూశారు, వన్స్ మోర్ అన్నారు, ఒక్కరూ జేబులో చెయ్యి పెట్టలేదు. ఆ అరెకరం నాలుగూళ్ళూ కలిసి కొనాల్సిన టిక్కెట్టు. తాతయ్య ఒక్కడే కొన్నాడు.

కాబట్టి యూనియన్ వారికి నా విన్నపం ఒక్కటే. వచ్చే వార్షికోత్సవంలో నాటకానికి గంట టైము ఇవ్వండి. పది రూపాయల టిక్కెట్టు పెట్టండి. ఆ డబ్బుతో రెండు నెలల ముందే నాటకం తెలిసిన ఒక పెద్దాయన్ని పిలిచి, మాకు నేర్పించి, ఆయన చేతిలో గౌరవంగా పెట్టండి. శాలువా ఒక్కటే వద్దు. అధ్యాపకులూ, పూర్వ విద్యార్థులూ పాసు అడక్కుండా టిక్కెట్టు కొనుక్కుని రండి. బాగా ఆడకపోతే ఈలలు వెయ్యండి, ఆ హక్కు మీకుంటుంది.

మొదటి టిక్కెట్టు మా అమ్మకి నేనే కొంటాను.